వెనక చక్రాల మీద మనిషి

నేను ఒక పాత పికప్ బండిని. పాత అని ముందుగా నేనే చెప్పేస్తున్నా, మీరు చూసి ముక్కు చిట్లించక ముందే. ఏ ఫ్యాక్టరీలో పుట్టానని అడక్కండి. అక్కడ నన్ను గుర్తు పెట్టుకున్నవాళ్ళు ఎవరూ ఉండరు. మొదట ఒక సిమెంటు దుకాణం ఆయన కొన్నాడు. ఆయనే సిమెంటు ఎత్తించి, తుమ్మొచ్చినప్పుడల్లా నన్ను తిట్టేవాడు. తర్వాత ఒక కోళ్ళ ఫారం ఆయన. ఆ వాసన సంగతి ఇప్పుడెందుకులెండి. ఆ పైన మదనపల్లె పక్కన ఇద్దరు మనుషుల చేతికి వచ్చాను. నన్నడిగితే నా బతుకు అక్కడే మొదలైంది.

ఒకడు ఖాసీం పీరా. మనిషి చింతబరికంత సన్నం, నోరు మాత్రం ఊరికే ఉండదు. ఇంకొకడు ఓబులేసు. నిండు విగ్రహం, మాట తక్కువ. ఆయన ఎక్కితే నా సీటు కిర్రుమనేది. కులం వేరు, దేవుడు వేరు, పిలుపు మాత్రం ఇద్దరికీ ఒకటే: బావా అంటే బావా. కలిసి కొన్నారు, కలిసి తోలారు. తోటల్లో టమోటా బాక్సులు ఎత్తుకుని మండీకి, మండీలో దించేసి ఖాళీగా మళ్ళీ తోటకి. ఇదీ మా ముగ్గురి సంసారం.

ఖాళీగా ఉన్నప్పుడే నాకు చిక్కు. ఇంజను ముందుంటుంది, నన్ను తోసేవేమో వెనక చక్రాలు. తొట్టి ఖాళీ అయితే వెనక భాగం తేలికైపోతుంది. తడినేల మీద చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, నేను మాత్రం అంగుళం కదలను. అప్పుడు ఓబులేసు లుంగీ ఎగ్గట్టి నా తొట్టిలోకి దూకేవాడు. ధడేల్! సరిగ్గా వెనక ఇరుసు మీదకొచ్చి నిలబడి, ఊచలు పట్టుకుని కిందికీ పైకీ ఊగేవాడు. "పోనీ బావా!" అని కేకేసేవాడు. నా చక్రాలు నేలను కరిచి పట్టుకునేవి. ఎంత హాయో ఆ బరువు! టమోటాల బరువు మండీలో దిగిపోతుంది. ఈ మనిషి బరువు దిగొచ్చి నా ముందు సీట్లో పీరా పక్కనే కూర్చునేది.

చెడగొట్టింది పీరా నోరే. ఒకనాడు మండీ దగ్గర టీకొట్టులో కొత్త వ్యాపారి ఎవరో, "ఏమప్పా, తోలేది నువ్వే కదా, ఈయన పనేంది?" అని అడిగాడు. పీరా ఊరుకోవచ్చు కదా! "ఈయన డ్రైవరు కాదు సామీ, నా బండికి బరువు!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు. నవ్వి, టీ సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆయన టీ వదిలేయడం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కొన్నాళ్ళకి తెల్లటి కొత్త పికప్పొకటి మండీలోకి వచ్చింది. స్టీరింగు వెనక ఓబులేసు. మా వైపు చూడనైనా చూడలేదు.

అప్పటినుంచి పీరా ఒక్కడే తోలాడు. బయట ఎవరైనా అడిగితే, "పోతే పోయినాడు, నాకేం తక్కువ?" అని మీసం దువ్వేవాడు. తలుపులు మూసుకున్నాక నాకు వినబడేది వేరు. ఖాళీ సీటు వైపు తిరిగి, "బావా, ఆ పొద్దు నోరు జారింది బావా" అనేవాడు. ఇంకోసారి ఇంకోలా అనేవాడు. "తప్పైపోయింది, రా బావా." మళ్ళీ మొదటినుంచి. ఎదురుగా తెల్ల బండి కనబడితే మాత్రం నోరు కుట్టేసినట్టు ఉండేవాడు. మనుషులింతే. అక్కర్లేని మాట జోరుగా వస్తుంది, కావలసిన మాటకి గేరు పడదు.

మా మండీ డ్రైవర్లకి ఒక సరదా ఉంది. సీజను అయిపోయాక, తారు పోయని బైపాసు మట్టిరోడ్డు మీద ఖాళీ పికప్పులకి పందెం పెట్టుకుంటారు. నిలబడ్డ చోటునుంచి, జెండా ఊపగానే, తిన్నగా అవతలి రాయి దాకా. తొట్టిలో గడ్డిపరక కూడా ఉండకూడదు. ఆ ఏడు ఓబులేసు పేరిచ్చాడని తెలియగానే పీరా కూడా పేరిచ్చాడు.

"నీకేం పొయ్యేకాలం? ఆ ముసలి బండితోనా?" అంది ఆయన పెళ్ళాం హుసేనమ్మ.

"ఓడగొడతా వాణ్ణి!"

"ఓడిపోయినోడొచ్చి నీతో మాట్లాడతాడా? పోయి ఒక్క మాట చెప్పలేవూ?"

పీరా పానా పట్టుకుని నా కింద దూరాడు.

ఇక మొదలైంది నా వెనక చక్రాలకి వైభోగం. "అంతా వెనక చక్రాల్లోనే ఉండాది" అని నిద్రలో కూడా కలవరించాడట, హుసేనమ్మే చెప్పింది. గాలి కొంచెం తగ్గించాడు, టైరు పరుచుకుని నేలను ఎక్కువ పట్టుకుంటుందని. ఇరుసు మీద బరువు మోసే స్ప్రింగులకి, అవే కమాన్ కట్టలకి, ఇంకో పట్టీ వేయించాడు. ఒక్కసారిగా తొక్కితే ఇరుసు మెలితిరిగి ఎగిరెగిరి పడుతోందని మెకానిక్ చలపతి షెడ్డుకి తీసుకుపోయి రెండు ఇనుప కడ్డీలు అడ్డం వెల్డింగు చేయించాడు. ముందున్న బ్యాటరీని పీకి తొట్టి కింద, వెనగ్గా కట్టించాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పందెంలో ఒప్పుకోరని తెలిసీ, ఇసుక మూటలు వేసి ఒకసారి తోలి చూశాడు. కదలగానే మూటలన్నీ జారి వెనక తలుపుని గుద్దాయి. "మూటలు ఊచలు పట్టుకుంటాయా బావా?" అన్నాడు పక్క సీటుతో. సీటేం చెబుతుంది? నాకూ పీరాకీ గుర్తొచ్చింది ఒక్కడే.

పందెం నాడు దుమ్ము లేవకుండా రోడ్డంతా ట్యాంకరు నీళ్ళు కొట్టారు. అన్ని బండ్లకీ ముందు చక్రాల కింద నిమ్మకాయలు, ముందర కొబ్బరికాయ. హుసేనమ్మ మాత్రం బూడిద గుమ్మడికాయ తెచ్చింది. నెల నాళ్ళు వెనక చక్రాల పురాణం విన్న మనిషి కదా. "పాపం, పనిచేసేది వెనక చక్రాలు, దిష్టి ముందువాటికి తీస్తే ఏం లాభం?" అనుకుంది. కాయతో దిష్టి తీసి, నా కుడి వెనక చక్రం ముందరే నేలకేసి కొట్టింది. గుజ్జూ గింజలూ పసుపూ కుంకుమా కలిసి నా చక్రం కిందికి జారాయి. పీరా అటువైపు ఎక్కడ చూస్తాడు? రెండు బండ్ల అవతల తెల్ల పికప్పుని చూస్తున్నాడు.

జెండా ఊపారు. అందరూ దూసుకుపోయారు. నేను మాత్రం కుయ్యిమన్నాను. కుడి చక్రం గుమ్మడి గుజ్జులో పిచ్చెక్కినట్టు తిరుగుతోంది, ఎడమది అత్తారింటికొచ్చిన అల్లుడిలా కదలకుండా కూర్చుంది. పీరా తొక్కేకొద్దీ బురద తవ్వుకుని కిందికి దిగాను. వెల్డింగు కడ్డీలూ కొత్త పట్టీలూ ఎందుకూ పనికిరాలేదు. చుట్టూ నవ్వులు. పీరా నుదురు స్టీరింగుకి ఆనించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతే బాగుండు అనిపించింది, నాకు కూడా.

అప్పుడు రోడ్డు మధ్యలో తెల్ల పికప్పు ఆగింది. బ్రేకు పడిన చప్పుడు ఇక్కడికి వినబడింది. ఓబులేసుకి ఆ కుయ్యిమనే కూత తెలియదా? తలుపైనా వెయ్యకుండా దిగాడు, లుంగీ ఎగ్గట్టాడు, వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. ఒక్క దుముకు. ధడేల్!

నా కమాన్ కట్టలు కిందికి వంగాయి. ఎన్నాళ్ళకి! ఊచలు గట్టిగా పట్టుకుని, గొంతు చించుకుని అరిచాడు.

"బరువొచ్చిందిలే, పోనీ!"

చక్రం నేలను కరిచింది. ఎగిరి బయటపడ్డాను. పీరా ఆపాలి కదా? ఆపలేదు. ఏడుస్తూ తొక్కాడు. కళ్ళు కనబడుతున్నాయో లేదో కూడా నాకు నమ్మకం లేదు. వెనక ఓబులేసు, "ఆపరా నాయనా, పడిపోతాండా, ఆపరా!" అని తిడుతూనే ఉన్నాడు. అవతలి రాయి దాటి ఆగాం. తొట్టిలో మనిషి ఉన్నాడని మమ్మల్ని లెక్కలోంచి తీసేశారు. ఎవరు గెలిచారో నేను అడగలేదు.

పీరా వచ్చి వెనక తలుపు తీశాడు. "బావా, ఆ పొద్దు నేను..." అని ఆగిపోయాడు. అన్నిసార్లు వల్లెవేసిన మాట, తీరా నోట్లోంచి రాదే!

ఓబులేసు గడ్డానికి అంటిన గుమ్మడి గింజ తీసి పారేశాడు. "నాకు తెలుసులే బావా. ముందు టీ చెప్పు. ఈసారి పూర్తిగా తాగుతా."

ఇక్కడితో కథ చెప్పడం ఆపేస్తే అందరం సుఖంగా ఉంటాం. కానీ ఇద్దరు మనుషులకి రెండు బండ్లెందుకు? పైగా ఆర్టీవో ఆఫీసులో నాకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వం పొమ్మన్నారు. ఇద్దరూ తెల్లదాన్నే తోలుకుంటున్నారు. నన్ను బైపాసు పక్కన పాత ఇనుము కొట్టులో దించేసిన రోజు పీరా నా వెనక తొట్టి నిమిరి పోయాడు. ఓబులేసు కాసేపు తొట్టి అంచు మీద కూర్చుని లేచాడు. నేను కోరుకున్నది వాళ్ళిద్దరూ కలవాలని. కలిశారు. నా పేరు కూడా ఆ కోరికలో కలపాలని నాకు అప్పుడు తట్టలేదు.

మొన్న వాన కురిసిన సాయంత్రం కొట్టు గోడ అవతల బురదలో ఒక ఖాళీ బండి కుయ్యిమంది. తలుపు తీసిన చప్పుడు. తర్వాత ధడేల్.

"బరువొచ్చిందిలే, పోనీ!"

నవ్వులు, ఇంజను మోత, అన్నీ మండీ వైపు వెళ్ళిపోయాయి. తుప్పు పట్టిన నా కమాన్ కట్టలు ఆ చప్పుడికి కిందికి వంగబోయాయి. తొట్టిలో వాననీళ్ళు తప్ప ఎవరూ లేరు.