ఎనిమిది తాళంచెవులు

ఇత్తడి రజను.

వేళ్ల సందుల్లో, బట్టల మడతల్లో, కనుబొమల మీద కూడా… ఎండ పడితే మెరుస్తుంది. ఎంత కడిగినా ఒక రేణువు మిగిలే ఉంటుంది.

వీధి మలుపులో ఆమెది చిన్న కొట్టు. తాళాలు బాగుచేస్తుంది, తాళంచెవులు చేసిస్తుంది. అందరికీ తాళాలక్క. పని నేర్పింది నాన్న. ఆకురాయిని ఎక్కడ ఆపాలో, వెంట్రుకవాసి ఎక్కువ అరిగినా తాళం ఎందుకు తిరగదో, చెప్పి చెప్పి నేర్పాడు. ఆయన అలవాటే ఆమెదీ — చేసిన ప్రతి తాళంచెవికీ చిల్లు కింద ఒక చిన్న గాటు. ఎవరికీ కనపడదు.

ఆమెకు కనపడుతుంది.

ఒకప్పుడు ఇంటికి మూడు తాళంచెవులు. అమ్మకొకటి, నాన్నకొకటి, పారేసుకోవడానికి పిల్లలకొకటి.

ఇప్పుడు ఒకే తలుపుకి పది.

ఎవరు వీళ్లంతా?

మూలింటి దర్జీ కుటుంబం ఖాళీ చేసింది. ఆ వారమే పది తాళంచెవులు. ఎదురింటివాళ్లూ వెళ్లిపోయారు. పన్నెండు. చేయించుకు పోయేది ఒకడే, ఇళ్ల బ్రోకరు. ఎవరికని అడిగితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగనివాటికి కూడా జవాబు చెబుతాడు.

తరగతిలో పదకొండు మందే మిగిలామని కూతురు బడి నుంచి వచ్చి చెప్పింది. తాడాటకు తోడు లేదంది. డాబాల మీద ఆరేసిన బట్టల్లో ఒక్క చిన్న గౌను లేదు.

చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు… అనుకుంది ఆమె. కొత్త ముఖం కనిపిస్తే చాలు, చూపు తిప్పుకునేది.

ఒక మధ్యాహ్నం నర్సు ఒకమ్మాయి విరిగిన తాళంచెవి పట్టుకొచ్చింది. మూలింట్లో ఉంటుందట. నిద్ర లేక కళ్లు వాచి ఉన్నాయి. ఆ రెండు గదుల్లో పదిమంది ఎలా పడుకుంటారని తాళాలక్క ఉండబట్టలేక అడిగేసింది.

"వంతులమీద అక్కా. డ్యూటీ దిగి వచ్చేసరికి మంచం ఇంకా వెచ్చగానే ఉంటుంది. వేరే చోట దొరికితే ఇక్కడెందుకుంటాను?"

ఆమెకు సిగ్గేసింది. వీళ్లూ చీమలే.

మరి పాము ఎక్కడ?

ఆమె భర్త బస్సు డ్రైవరు. నీకన్నీ అనుమానాలే, మన ఇంటి యజమాని దేవుడిలాంటివాడు, అన్నాడు. దేవుడే. ఈ నెల అద్దె తీసుకుంటూ దేవుడు ఆమె ముఖం చూడలేదు. గోడలకేసి చూశాడు… కొలుస్తున్నట్టు.

మర్నాడు బ్రోకరు వచ్చి బల్ల మీద ఒక తాళంచెవి పెట్టాడు.

"ఇలాంటివి ఎనిమిది కావాలక్కా. తొందరేం లేదు, నెలాఖరుకిస్తే చాలు."

చిల్లు కింద గాటు. ఐదు పళ్లు — మూడోది కురచ.

ఆమె మెడలో తాడుకు వేలాడే తాళంచెవిదీ అదే వరస. బల్ల మీదిది, అద్దెకు చేరిన రోజున యజమాని దగ్గర ఒకటి ఉండాలని తనే చేసిచ్చింది.

తాళాలక్క ఎక్కడుంటుందో బ్రోకరు ఎప్పుడూ అడగలేదు. ఎవరిల్లని ఆమె అడిగింది.

"ఎవరో బస్సు డ్రైవరట. వాళ్లకింకా చెప్పలేదు."

అతను వెళ్లిపోయాడు.

ఆమెకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. చేయనని చెప్పొచ్చు. చెబితే ఇంకో కొట్టు ఉండనే ఉంది. ఎక్కడో వెచ్చని మంచం కోసం వంతుకు నిలబడ్డ ఎనిమిది మంది కూడా కళ్లముందు మెదిలారు — వాళ్లను తిట్టబోయి తిట్టలేకపోయింది. కూతురి తరగతిలో పదకొండు మందిలో ఒకరు తగ్గితే పది… అది మాత్రం తలుచుకోలేదు.

మొదటి ఇత్తడి ముక్క బిగించింది.

ఒకటో పన్ను. రెండోది. మూడోది, కురచది.

ఆపాల్సిన చోటు వచ్చింది.

వెంట్రుకవాసి…

ఆకురాయి దాని మీదే ఉంది. వేళ్ల సందుల్లో ఇత్తడి రజను, ఎండలో మెరుస్తూ.