దావీదు చేతి మీది కారు

యాభై దాటిన మనిషి. సుబేదారిలో ఒక ఆఫీసులో గుమాస్తా, చర్చిలో సంఘ పెద్ద, డిగ్రీ చదివే కూతురికి తండ్రి. అటువంటి దావీదు పోయి పోయి మోచేతి కింద కారు బొమ్మ పచ్చబొట్టు వేయించుకున్నాడంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వేవాళ్లను నవ్వనిద్దాం. కానీ అతను తన మారుతి ఎనిమిదొందల్ని చూసుకున్నట్టు ఆ నవ్వేవాళ్లు జన్మలో దేన్నైనా చూసుకున్నారేమో ఒక్కసారి అడిగి చూడాలి.

తెల్ల కారు, పాత వరంగల్ నంబరు, ఏపీ ముప్పయ్యారు. దావీదు పొద్దున లేచి తన ముఖం కడుక్కోకముందే దాని ముఖం తుడుస్తాడు. ఇంజన్ చప్పుడులో చిన్న తేడా వచ్చినా ఆ పూట అన్నం సయించదు. "ఇంకా ఇదేనా సార్, మార్చరా?" అని ఎవరైనా అంటే నొచ్చుకుంటాడు. ఆ మాట కారు పక్కన నిలబడి అంటే మరీ నొచ్చుకుంటాడు.

ఇలాంటి పిచ్చోళ్లు వరంగల్‌లో అతనొక్కడే అయితే ఏ గొడవా ఉండేది కాదు. శనివారం సాయంత్రం హంటర్ రోడ్డు చాయ్ హోటల్ ముందు వాళ్లంతా పాత బండ్లతో చేరతారు. సుదర్శన్‌కు పిక్క మీద జీపు ఉంది. సారంగపాణికి ఛాతీ మీద అంబాసిడర్, హెడ్‌లైట్లతో సహా. అతను గట్టిగా ఊపిరి పీల్చినప్పుడల్లా కారు మన మీదికి వస్తున్నట్టే ఉంటుంది. సూది పోట్లకు ఓర్చుకుని ఒంటి మీద బండిని మోసే ఆ మనుషుల్ని చూస్తుంటే దావీదుకు కళ్లు చెమర్చేవి. తన చెయ్యి తనకే బోసిగా కనిపించేది.

అయితే అతనికి ఒక చిక్కుంది. చర్చిలో బాప్తిస్మం జరిగినప్పుడల్లా పాస్టర్ శామ్యూల్ గారితో పాటు నీళ్ల తొట్టిలోకి దిగేది దావీదే. పాస్టర్ గారు ఒక పక్క, ఇతను ఒక పక్క నిలబడి, మనిషిని వెల్లకిలా నీళ్లలో ముంచి లేపుతారు. సంఘంలో సగం మందిని ఆ చేతులే లేపాయి. ఇన్నేళ్లూ అతను ఎదురుచూసింది మాత్రం ఒక్క రోజు కోసం. కూతురు మౌనికను తన చేతులతో నీళ్లలోంచి లేపాలి. ఆ రోజు ఇంక ఎంతో దూరం లేదు. పాస్టర్ గారేమో మొన్ననే ప్రసంగంలో, పచ్చబొట్లు వేయించుకున్నవాళ్లెవరూ తనతో పాటు నీళ్లలో దిగి సేవ చేయడానికి లేదని గట్టిగా చెప్పారు.

అంతా తెలిసీ, మనసాగక, హనుమకొండ చౌరస్తాలో టాటూలు వేసే ఓంప్రకాశ్ దగ్గరికి వెళ్లాడు దావీదు.

"అంకుల్, అల్లాయ్ వీల్స్ ఎయ్యాల్నా? మస్తుగుంటది," అన్నాడు ఆ అబ్బాయి.

"లేనిది ఎందుకు పెడ్తవ్ తమ్మీ? నా కారుకు ఎనక టైరు క్యాప్ సుత లేదు. ఉన్నది ఉన్నట్టు ఎయ్."

ఓంప్రకాశ్ కాగితం మీద గీసిన క్యాప్‌ను చెరిపి టైరును మళ్లీ గీశాడు. సూది దిగుతున్నంతసేపూ దావీదు కిక్కురుమనలేదు. చివర్న నంబరు ప్లేటు పూర్తయ్యాక మాత్రం కళ్లు తుడుచుకున్నాడు.

"నొస్తాందా అంకుల్?"

"లేదు తమ్మీ. అచ్చం మా కారు తీర్గనే ఉన్నది."

ఇంటికి వెళ్తే భార్య లిదియా తల పట్టుకుంది. "ఏమయ్యా, నీకేమన్న సోయి ఉన్నదా? రేపు అయ్యగారు చూస్తే నిన్ను నీళ్లల్ల దిగనిస్తడా? బిడ్డ బాప్తిస్మం ముంగట పెట్టుకొని గిదేం పని?" అని నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి తిట్టి, చివరికి తనే బీరువాలోంచి తెల్ల ఫుల్ చేతుల చొక్కా తీసి, గుండీలు కుట్టింది. పుండు పూర్తిగా మానేదాకా కొబ్బరినూనె రాసింది కూడా ఆవిడే.

ఆ ఆదివారం రానే వచ్చింది. చర్చి వెనక తొట్టి నిండా నీళ్లు, చుట్టూ సంఘమంతా పాట పాడుతోంది. దావీదు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని నీళ్లలోకి దిగాడు. మొదట ఒక కుర్రాణ్ణి ముంచి లేపారు. మెట్ల మీద తరువాత నిలబడింది మౌనికే. తెల్ల బట్టల్లో ఉన్న కూతురి వైపు దావీదు చెయ్యి చాచాడు.

తెల్ల చొక్కా తడిస్తే ఏమవుతుందో లిదియాకూ తట్టలేదు, దావీదుకూ తట్టలేదు. తడిసిన చొక్కా చెయ్యి చర్మానికి అంటుకుపోయింది. లోపలి నుంచి కారు నల్లగా, నిండుగా బయటికి వచ్చింది.

"అగో, దావీదు సార్ కారు!" అని ముందు వరుసలో ఎవరో అరిచారు. పాట ఆగిపోయింది. లిదియా కొంగు ముఖం మీదికి లాక్కుంది.

శామ్యూల్ గారు వంగి ఆ చేతిని చూశారు. ఆయన మెత్తని మనిషి. పైగా ఇన్నేళ్ల స్నేహం. గొంతు తగ్గించి, "పిల్లలెవరన్న పెన్నుతోటి గీసిండ్రా, దావీదూ?" అని అడిగారు. అడుగుతూనే అవునన్నట్టు తల కూడా ఊపి చూపించారు.

దావీదు ఊఁ అంటే చాలు. కూతురు రెండు మెట్ల దూరంలో ఉంది. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ కలగన్న ఘడియ అది. దావీదు ఒకసారి మౌనికను చూశాడు, ఒకసారి చేతిని చూశాడు.

"కాదయ్యగారూ. పచ్చబొట్టే. నేనే ఏయించుకున్న."

"నేను చెప్పిన మాట యాదికున్నదా?"

"ఉన్నది. తప్పే కావచ్చు. పైకి పొమ్మంటే పోత, ఎవ్వరి మీద కోపం లేదు. గని నీళ్లల్ల నిలబడి నాది కాదని మాత్రం అననయ్యగారూ."

అని మెట్ల వైపు తిరిగాడు. మౌనిక కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఆ తొట్టి దగ్గర ఎవరికీ నవ్వు రాలేదు.

"ఆగు," అన్నారు శామ్యూల్ గారు. కొంచెంసేపు గడ్డం గోక్కున్నారు. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం ఆయనకూ కష్టమే. "కుడి చెయ్యే గదా? దాన్ని పైకి పెట్టుకో. ఎడమ చెయ్యితోటి పట్టు."

దావీదు కుడి చెయ్యి పైకెత్తాడు, బండి తిప్పబోయే డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చూపినట్టు. మౌనిక నీళ్లలోకి దిగి చేతులు కట్టుకుంది. పాస్టర్ గారు దేవుని నామం పలికారు. పిల్ల వెనక్కి వాలుతుండగా అడుగున నున్నటి బండల మీద కాలు జర్రున జారింది. బరువంతా ఒక్కసారిగా ఎడమ చేతి మీద పడింది.

తండ్రి కుడి చెయ్యి ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగలేదు. నీళ్లలోకి దిగి బిడ్డ వీపు కిందికి వెళ్లిపోయింది. మౌనికతో పాటు కారు కూడా మునిగింది, నంబరు ప్లేటుతో సహా.

మౌనిక ముక్కులోంచి నీళ్లు చీదుకుంటూ, నవ్వుతూ లేచింది. దావీదుకు అప్పుడు తెలిసివచ్చింది. నిప్పు ముట్టుకున్నవాడిలా కుడి చెయ్యి లాక్కుని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. తల వంచుకుని పాస్టర్ గారి మాట కోసం చూశాడు.

శామ్యూల్ గారు కండువాతో నింపాదిగా ముఖం తుడుచుకున్నారు. మెట్ల మీద తరువాత నిలబడింది కమల, మంచి భారీ మనిషి. ఆవిడను ఎగాదిగా చూశారు. తరువాత దావీదును చూశారు.

"రెండు చేతులు పెట్టు, దావీదూ," అన్నారు.