మరువలేని కిష్టమ్మ

నాచారం పాత ఊళ్లో కిష్టమ్మ చేసే సకినాలకు మంచి పేరుంది గానీ, ఆ పేరేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు.

ఇంటి ముందు బోర్డు మీద పెయింటర్ రాసిన 'కిష్టమ్మ పిండివంటలు' ఎండకు వెలిసి వెలిసి 'కిష్ట పిండి' దాకా వచ్చి ఆగింది. పొట్లాలకు అంటించే కాగితాలు ఇంగ్లీషులో ఉంటే గొప్పగా ఉంటుందని అచ్చుకిస్తే, ప్రెస్సువాడు 'కిస్మత్ ఫుడ్స్' అని కొట్టిచ్చాడు. పారేయడానికి మనసొప్పక అవే అంటిస్తున్నారు. ఇక సంచులంటారా, ఏ బట్టల దుకాణం దగ్గర పాతవి మిగిలిపోతే ఆ దుకాణం సంచులే.

దీనివల్ల ఒకసారి తమాషా జరిగింది. మల్కాజిగిరిలో ఉండే చలపతిరావు అనే రిటైరైన రైల్వే ఆయన మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు కిష్టమ్మ దగ్గర సకినాలు చేయించాడు. తిన్నవాళ్లంతా మెచ్చుకుని, సంచి మీదున్న అడ్రసు పట్టుకుని ఉప్పల్‌లోని చీరల దుకాణానికి పోయి సకినాలడిగారు. వాళ్లలో ఒకావిడ సకినాలు దొరక్క చీర కొనుక్కుని ఇంటికెళ్లింది.

ఆ సంగతి విన్న రోజు కిష్టమ్మ అన్నం సరిగ్గా తినలేదు. ఆవిడ మొగుడు బాలనర్సింహ, ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి పిండి పట్టించుకురావడం, పొయ్యి చూసుకోవడం, మాట పడటం అనే మూడు పనులూ ఓపిగ్గా చేస్తున్న మనిషి, మేనల్లుడు భూపాల్‌కు కబురు పెట్టాడు. భూపాల్‌కు ఉప్పల్‌లో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపుంది.

వస్తూనే భూపాల్ ఒక సకినం విరిచి నోట్లో వేసుకుని, "అత్తా, నీకు సరుకుంది. మొఖం లేదు," అన్నాడు.

కిష్టమ్మ కడాయిలోంచి గరిటె పైకి తీసింది. "నా మొఖానికేమొచ్చిందిరా?"

"నీ మొఖం గాదత్తా, దుకాణం మొఖం. బ్రాండ్ అంటరు. జనం దూరంకెళ్లి సూడంగనే కిష్టమ్మ సకినాలని గుర్తువట్టాలె. రంగు ఒక్కటే ఉండాలె, బొమ్మ ఒక్కటే ఉండాలె, అక్షరం ఒక్కటే ఉండాలె. బోర్డు మీద గదే, పొట్లం మీద గదే, సంచి మీద గదే. ఈసమెత్తు తేడా రావొద్దు."

మాట బాగానే ఉందనిపించింది కిష్టమ్మకు. ముందు రంగు తేల్చుకుందామని కూర్చున్నారు. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. రోడ్ల మీద ఏ రంగు కనపడ్డా దాని వెనక ఒక జెండా ఉండేది. బాలనర్సింహ పసుపన్నాడు. అది ఒక పార్టీదన్నాడు భూపాల్. గులాబీ అంటే ఇంకో పార్టీది. ఎరుపు, కాషాయం, ఆకుపచ్చ, అన్నిటికీ సొంతదార్లున్నారు.

"మా సకినాలు అన్ని పార్టీలోళ్లు తింటరు. ఎవ్వలిది గాని రంగు సూడు," అంది కిష్టమ్మ.

చివరికి వంకాయ రంగు ఒక్కటే దిక్కూ దివాణం లేకుండా మిగిలింది. దాన్నే ఖాయం చేశారు.

తర్వాత బొమ్మ. "గుట్ట నర్సింహసామి ఫోటో వెట్టరాదురా," అన్నాడు బాలనర్సింహ భక్తిగా.

"తిన్నంక పొట్లం మోరిల వడేస్తరు. సామిని మోరిల ఏస్తవా?" అంది కిష్టమ్మ. ఆయన లెంపలేసుకున్నాడు.

"సామి ఎందుకు, అత్త ఫోటోనే వెడదాం," అన్నాడు భూపాల్.

కిష్టమ్మ వద్దంటూనే లోపలికి పోయి తల దువ్వుకుని వచ్చింది. కానీ కెమెరా ఎదురుగా పెట్టేసరికి కరెంటు బిల్లు చూసిన మొహం పడింది. ఎన్నిసార్లు తీసినా అదే మొహం. లాభం లేక భూపాల్ ఆమె కూతురు మానస పెళ్లి ఆల్బం తెప్పించాడు. అందులో ఒక ఫోటోలో కిష్టమ్మ పట్టుచీర కట్టుకుని ప్రశాంతంగా, కాస్త దేవతలా ఉంది. పక్కన తోటికోడలు రాజేశ్వరమ్మ నిలబడి ఉంది.

"ఆమెను తీసేయ్," అంది కిష్టమ్మ వెంటనే.

రాజేశ్వరమ్మ బాలనర్సింహ అన్నగారి భార్య. కీసరలో ఉంటుంది. ఆ పెళ్లిలోనే, వియ్యాలవాళ్లందరి ముందు, సారెలో పెట్టిన సకినం ఒకటి కొరికి "అమ్మో, పండ్లు ఊసిపోయేటట్టున్నయి, రాళ్లోలె," అంది. కిష్టమ్మ అప్పటి నుంచి ఆమెతో మాట్లాడలేదు. కీసర బస్సు కనపడితే కూడా మొహం తిప్పుకునేది.

భూపాల్ రాజేశ్వరమ్మను కంప్యూటర్లో కత్తిరించేశాడు. పైన కిష్టమ్మ ఫోటో, దాని కింద మూడు వరుసల్లో పెద్ద అక్షరాలు: కిష్టమ్మ. మరువలేని. రుచి. అన్నిటికన్నా కింద ఫోన్ నంబరు, పళ్లెం నిండా సకినాల బొమ్మ. ఇంతవరకూ బాగానే ఉంది. మిగతా పని షాపులో కంప్యూటర్ చూసే తిరుపతికి అప్పజెప్పి, భూపాల్ ఒక పెళ్లి ఆర్డరు మీద బయటికి పోయాడు.

తిరుపతికి ఆ ఫ్లెక్సీ బోడిగా కనిపించింది. చుట్టూ మల్లెపూల దండ పెట్టాడు. అటొక దీపం, ఇటొక దీపం వెలిగించాడు. భూపాల్ తిరిగొచ్చి వంకాయ రంగు సరిగ్గా వచ్చిందా లేదా అన్నదొక్కటే పట్టిపట్టి చూసి, ప్రింట్ కొట్టమన్నాడు. నాచారం చౌరస్తాలో, మల్లాపూర్‌లో, ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర, కాప్రాలో, కీసర దారి పొడుగునా కర్రలు పాతి కట్టించాడు. అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి.

ఆ మర్నాడే ఒక గల్లీ నాయకుడి పుట్టినరోజు వచ్చిపడింది. ఆయన మనుషులు కొత్తగా కర్రలు పాతే శ్రమ పెట్టుకోలేదు. ఎక్కడ కర్రలు కనపడితే అక్కడ, కిష్టమ్మ ఫ్లెక్సీల కింది సగం మీదుగా, తమ నాయకుడి ఫ్లెక్సీ బిగించి కట్టేశారు. దాంతో 'రుచి', ఫోన్ నంబరు, సకినాల పళ్లెం అన్నీ మాయమయ్యాయి. పైన పూలదండ మధ్య, దీపాల నడుమ, ప్రశాంతంగా కిష్టమ్మ. ఆమె కింద 'కిష్టమ్మ మరువలేని' అన్న అక్షరాలు. వాటి కింద తెల్లచొక్కా వేసుకుని, చేతులు జోడించి, నాయకుడు.

ఇదేదీ కిష్టమ్మకు తెలియదు. పెద్ద ఆర్డరు చేతిలో ఉండటంతో గడప దాటలేదు. పొద్దున్నే లేచి పిండిలో నువ్వులు, వాము కలుపుతూ, పిండి బరకగా పట్టించుకొచ్చినందుకు బాలనర్సింహను చెడామడా తిడుతోంది. ఆయన తిట్లు తట్టుకోలేక బయట అరుగు మీదికొచ్చి, తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే గేటు ముందు ఆటో ఆగి చలపతిరావు దిగాడు. చేతిలో బంతిపూల దండ ఉంది.

"ఎంత పని జరిగిందయ్యా నర్సింహా!" అన్నాడాయన.

"ఏం జెప్పాలె సారూ, నా నసీబు," అన్నాడు బాలనర్సింహ.

"ఎప్పుడు?"

"పొద్దుగాల లేసిన కాడికెళ్లి మొదలైంది."

"పాపం, బాధపడిందా?"

"ఆమెకేం బాధ సారూ? బాధంత నాదే."

చలపతిరావు కళ్లు తుడుచుకుని, ఆయన భుజం మీద చెయ్యేసి, "ధైర్యంగా ఉండు. అలాంటి చెయ్యి మళ్లీ పుట్టదు," అన్నాడు. ఇంతలో లోపలి నుంచి కిష్టమ్మ, చేతుల నిండా పిండితో, "ఎవలొచ్చిన్రు?" అంటూ గుమ్మంలోకి వచ్చింది. చలపతిరావు రెండడుగులు వెనక్కి వేశాడు. దండ వీపు వెనక దాచుకున్నాడు.

"దండ ఎవలికి సార్?" అంది కిష్టమ్మ.

"దేవుడికమ్మా," అన్నాడాయన. అరుగు మీద కూలబడి, మంచినీళ్లు తాగాక గానీ చౌరస్తాలో చూసింది చెప్పలేకపోయాడు.

కిష్టమ్మ భూపాల్‌ను తిట్టడానికి ఇంకా నోరు తెరవనే లేదు, కీసర నుంచి ట్రాలీ ఆటో నిండా చుట్టాలు దిగారు. అందరికన్నా ముందు, జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ రాజేశ్వరమ్మ. ఆమెను చూడగానే కిష్టమ్మ గబుక్కున తలుపు చాటుకు తప్పుకుంది. బాలనర్సింహ కంగారుగా లోపలికొచ్చి, "నడువ్, బయటికి నడువ్, బతికున్నవని జెప్పుదాం," అన్నాడు.

"జర ఆగు. ఏమంటదో ఇననియ్యి."

రాజేశ్వరమ్మ గేటు దగ్గరే కూలబడి రాగం అందుకుంది. "ఓ చెల్లే కిష్టమ్మా... ఎట్ల వోతివే చెల్లే... నీ సకినం నోట్లె వెడితె ఎన్నపూసోలె కరుగుతుండె గదనే..."

కిష్టమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, తలుపుకు ఇంకా దగ్గరగా జరిగింది.

"నీ బిడ్డ పెండ్లిల నేనే పాడునోరు వెట్టుకోని రాళ్లంటినే... రాళ్లు గావే చెల్లే, నాకు కండ్లమంటనే... అత్త నాకు నేర్పితె నాకు రాకపాయె, నీకు నేర్పకపోయినా నీకొచ్చెనే..."

"ఇగ సాలు, పోదాం రాయే," అన్నాడు బాలనర్సింహ. ఆయనకు నిజంగానే ఏడుపొస్తోంది.

"నోర్ముయ్. గిన్నేండ్లల్ల ఎన్నడన్న గీ మాట అన్నదా? మొత్తం అననియ్యి." కిష్టమ్మ కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. ఈ కొన్నేళ్లలో తాను ఎదురుచూసిన మాట అదొక్కటే. చెయ్యి పట్టుకుని లేపి లోపలికి తీసుకొద్దామా అని కూడా అనిపించింది.

రాజేశ్వరమ్మ ఊపిరి పీల్చుకుని ఇంకో చరణం ఎత్తుకుంది. "ఉన్నన్ని దినాలు నా ఇత్తడి గంగాళం నీ ఇంట్లనే వెట్టుకుంటివే... అడుగుదామంటె మాటలే లేకపాయెనే చెల్లే..."

కిష్టమ్మ తలుపు దబాలున తెరిచింది. "ఏ గంగాళమే? అది మా అవ్వ నాకిచ్చింది!"

కీసర చుట్టాలు ఒక్కసారిగా కేకేసి గేటు బయటికి పరిగెత్తారు. ట్రాలీ డ్రైవరు బండి స్టార్ట్ చేసేశాడు. రాజేశ్వరమ్మ ఒక్కతే కదల్లేదు. అలాగే కూర్చుని, కిష్టమ్మను పైనుంచి కింది దాకా చూసింది.

"నువ్వు సావలేదా?"

"గంగాళం మాట ఇని లేసొచ్చిన."

"మరి నన్ను గింతసేపు ఎందుకు ఏడ్వనిచ్చినవే?"

"మంచిగ ఏడుస్తున్నవని."

రాజేశ్వరమ్మకు ముందు కోపం వచ్చింది. లేచి కొట్టడానికి చెయ్యెత్తింది. చెయ్యి కిష్టమ్మ భుజం మీద పడేసరికి, అక్కడి పిండి ఎగిరి ఇద్దరి మొహాల మీదా పడింది. ఎవరు ముందు నవ్వారో తెలియదు. నవ్వు ఆగక ఒకళ్ల మీద ఒకళ్లు వాలిపోయారు. దారి పొడుగునా అందరూ తనను ఓదారుస్తుంటే సంగతి అర్థమై పరిగెత్తుకొచ్చిన భూపాల్, తిట్లు మొదలయ్యేలోపు ఫోన్ తీసి ఒక ఫోటో కొట్టాడు.

తిట్లు తప్పలేదు. వెనకే వచ్చిన తిరుపతి తలొంచుకుని, "అమ్మా, సచ్చినోళ్లయి, పుట్టినరోజులయి తప్ప మూడో రకం నేనెన్నడు జెయ్యలే," అన్నాడు. తిరిగొచ్చిన చుట్టాలకు ఆకలి. చేసిన ఆర్డరు సకినాలు సగం వాళ్లే తిన్నారు. సాయంత్రం దాకా జనం వస్తూనే ఉన్నారు. కిష్టమ్మ బతికుందో లేదో చూసుకుని, చూసినందుకు మొహమాటంగా ఒక పొట్లం కొనుక్కుని పోయారు.

"అత్తా, మస్తు పబ్లిసిటీ అయింది. ఇంకో వారం గవే ఉంచుదామా?" అన్నాడు భూపాల్ ఆశగా.

"సచ్చినదాని చేతి పిండివంట ఎవలు తింటరురా? పొద్దు మునిగేలోపట ఒక్కటి కనవడొద్దు," అంది కిష్టమ్మ. భూపాల్ తిరుపతిని వెంటేసుకుపోయి అన్నీ విప్పించాడు.

కొత్త బొమ్మ కోసం భూపాల్ ఆ రోజు ఫోన్లో కొట్టిన ఫోటోనే తెరిచి చూశారు. అందులో కిష్టమ్మ మొహం మీద పిండి ఉంది, నోరంతా తెరిచి నవ్వుతోంది. అలవాటు కొద్దీ భూపాల్ రాజేశ్వరమ్మను కత్తిరించి చూపించాడు. కిష్టమ్మ కాసేపు చూసింది.

"ఒక్కదాన్నే నవ్వుతుంటె పిచ్చిదానోలె ఉన్న. యారాలిని ఉండనియ్యి."

రాజేశ్వరమ్మ కబురు విని, ముక్కుపుడక కనపడేటట్టయితేనే ఒప్పుకుంటానంది. అలాగే చేశారు. వంకాయ రంగు మీద పిండి మొహాలతో నవ్వే ఇద్దరాడవాళ్లు, కింద 'కిష్టమ్మ సకినాలు'. 'మరువలేని' అన్న మాట మళ్లీ ఎత్తలేదు. బోర్డు మీద అదే, పొట్లం మీద అదే, సంచి మీద అదే. మొదట్లో వెంటపడి చెప్పిన భూపాలే, తర్వాత కిష్టమ్మ పట్టుదలకు దండం పెట్టాడు. ఒకసారి సంచుల రంగు కొంచెం ముదిరితే కిష్టమ్మ ఎండలోకి తీసుకెళ్లి చూసి, "గిది వంకాయ గాదు, అల్లనేరేడు," అని కట్టలు కట్టలుగా తిప్పి పంపింది. కాప్రాలో ఒక కిరాణా కొట్టాయన పొట్లాల మీద తన కొట్టు పేరు అంటిస్తే, బాలనర్సింహను పంపి అన్నీ గోకించింది.

రాజేశ్వరమ్మ ఇప్పుడు వారానికో రోజు కీసర బస్సెక్కి వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటోంది. సాయం చేస్తానంటుంది గానీ పిండి ముట్టుకోదు. మొన్నొకరోజు మల్లాపూర్ నుంచి వచ్చిన ఒకామె పొట్లం మీది బొమ్మనూ, వీళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీలో కిష్టమ్మ ఎవలు?" అని అడిగింది.

"నేనే," అంది రాజేశ్వరమ్మ తడుముకోకుండా.

కిష్టమ్మ కడాయి మీదనుంచి తలెత్తింది. నూనె బాగా కాగి ఉంది. సకినాలు ఎర్రబడే సమయం. వాటిని తిరగేసి, అవి దిగాక చెబుదాంలే ఈమె సంగతి అనుకుంది.