ఎంటర్ నొక్కేదాకా

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి, కురవాలా వద్దా అని తేల్చుకోలేక వేలాడుతోంది. ఫోటో స్టూడియోలో పగలే లైటు వేశారు.

స్టూడియో అన్నదమ్ములిద్దరిది. తమ్ముడు ఫోటోలు తీస్తాడు. అన్న వాటిని కంప్యూటర్‌లో ఎవరివి వారి ఫోల్డర్‌లో సర్దుతాడు. ఈమధ్య అన్న కుడిచేయి వణుకుతోంది. మౌస్ పట్టుకుంటే తెర మీది బాణం చీమ కుట్టినట్టు గంతులేస్తుంది. అలా ఒక పెళ్లివారి ఫోటోలు జారి ఇంకో పెళ్లివారి ఫోల్డర్‌లో పడ్డాయి. నిన్న పెళ్లికూతురి తండ్రి వచ్చి నానా రభస చేశాడు.

ఆయన వెళ్లాక తమ్ముడు, "ఇక నువ్వు ఇంటిపట్టున ఉండు అన్నయ్యా. రేపో ఎల్లుండో ఇంకొకణ్ణి పెట్టుకుంటా," అన్నాడు.

అన్న తల ఊపి ఊరుకున్నాడు. తమ్ముడి భార్య ఊరుకోలేదు. ఆమెది ఆఫీసులో కంప్యూటర్ పనే. ఈ పూట సెలవు పెట్టి వచ్చి, బావగారి పక్కన స్టూలు వేసుకుంది. ఏవో రెండు మీటలు నొక్కేసరికి నల్లటి తెర వచ్చింది.

"ఇదేంటమ్మా, దీనికి కళ్లు పోయాయా?"

"కమాండ్ ప్రాంప్ట్ బావగారూ. మౌస్‌తో పన్లేదు. ఏం కావాలో టైపు చేసి చెప్పాలి. మీరెంత తప్పు కొట్టినా, ఎంటర్ నొక్కేదాకా ఉలకదు పలకదు. అచ్చం మీలాగే."

అన్న మీసాల్లో నవ్వుకున్నాడు.

'డి ఐ ఆర్' అని కొడితే ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో వరసగా చూపించింది. 'సి డి' కొట్టి పేరు రాస్తే ఆ ఫోల్డర్‌లోకి దిగింది. వేలు వణికి ఒకే అక్షరం రెండుసార్లు పడేది. చెరిపి మళ్లీ కొట్టేవాడు. తెర ఓపిగ్గా ఉండేది.

ఇంతలో తమ్ముడు బడిపిల్లల ఫోటోలు తీసుకొచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. వెనక నిలబడ్డాడు. అన్న 'మూవ్' అని కొట్టి, ఆ ఫోటోలన్నీ వెళ్లాల్సిన 'స్కూల్' అనే ఫోల్డర్ పేరు రాసి, ఎంటర్ నొక్కాడు. కుదరదంది తెర.

"చూశావా, కాలేదు," అన్నాడు తమ్ముడు.

"కాలేదని చెప్పిందిగా. మౌస్ అయితే చెప్పకుండా ఎక్కడో పడేసేది," అంది భార్య.

అన్న 'డి ఐ ఆర్' కొట్టి, పైనుంచి కిందికి చదివాడు. "ఆ ఫోల్డరే ఇంకా చెయ్యలేదురా నేను. సామాను ఎత్తుకొచ్చి లేని గదిలో పెట్టమంటే ఎక్కడ పెడుతుంది?"

మరదలు చెప్పబోయి ఆగింది. పొద్దున నేర్చుకున్నదే, 'ఎమ్ డి' అని కొట్టి కొత్త ఫోల్డర్ చేశాడు. మళ్లీ మూవ్ అన్నాడు. ఫోటోలన్నీ అందులోకి వెళ్లాయి.

తమ్ముడు వంగి, తనే మౌస్ పట్టి ఒక్కొక్క ఫోటో తెరిచి చూశాడు. ఒక్కటీ తప్పిపోలేదు. ఫోను తీసుకుని గుమ్మం దాకా నడిచాడు.

"ఆ పనికి మనిషి అక్కర్లేదండీ. ఉన్నాడు," అన్నాడు ఎవరితోనో.

మధ్యాహ్నం ముగ్గురూ ఆ బల్ల దగ్గరే క్యారేజీ విప్పారు. అన్న చేతిలోంచి నాలుగు మెతుకులు బల్ల మీద రాలాయి. తమ్ముడు గ్లాసులో నీళ్లు సగమే పోసి అన్న వైపు జరిపాడు.