అసలు అమ్మ ఎక్కడికెళ్ళింది?

"ఫిర్ క్యా హువా, అమ్మా?" అంది రేఖ, చపాతీల పీట పక్కన చతికిలబడి.

"ఫిర్ కాదు. తర్వాత ఏమైంది అనాలి," అంది కనకలత పిండి ముద్ద ఒత్తుతూ.

ఆట నియమం ఒక్కటే. ఒకరు ఒక మాట చెబితే రెండోవాళ్ళు అందుకుని కథ ముందుకు నడపాలి. ఆగిపోతే ఔట్. కథంతా మిషన్ రేఖ గురించే. కలర్ టీవీ వచ్చిన అట్టపెట్టెకి కళ్ళు గీసి, ఎర్ర రిబ్బన్లు కట్టి తయారుచేసిన బొమ్మ అది. కథలో మాత్రం అచ్చు రేఖలాగే నడుస్తుంది, మాట్లాడుతుంది. దానికి ఆకలి వేయదు, ఏడుపు రాదు, "నేను చెయ్యను" అనడం అంతకన్నా రాదు. అది బడికెళ్ళి ఎక్కాలు అప్పజెబుతూ ఉంటే, అసలు రేఖ మైత్రీబాగ్ జూలో పులి బోను ఎదురుగా కూర్చుని జామకాయ తింటూ ఉంటుంది.

ఈ ఆట కనకలతే కనిపెట్టింది. రేఖ భిలాయిలో పుట్టిన పిల్ల. వీధిలో హిందీ, బడిలో హిందీ. తెలుగు నాలుకకెక్కాలంటే కథ తప్ప దారి లేదనుకుంది. ఆరు నెలలు తిరిగేసరికి సెక్టర్ 2లో చుట్టుపక్కల క్వార్టర్ల తెలుగు పిల్లలు కూడా వచ్చి గుమ్మంలో కూర్చోవడం మొదలెట్టారు. ఆ సంగతి చెవినబడే తెలుగు సంఘం రజనీకుమారిగారు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"ఆదివారాలు పది నుంచి పన్నెండు, రుఆబాంధా సెక్టర్లో మా వరండాలోనే తెలుగు క్లాసు. ఇద్దరు మాస్టర్లు మానేశారమ్మా. పిల్లలు పారిపోతన్నారు. నువ్వు కావాలి. ఈ ఆదివారం నువ్వు కూడా రాకపోతే ఇంక ఎత్తీడమే."

నువ్వు కావాలి. పెళ్ళయిన పదేళ్ళలో ఆ మాట ఎవరైనా అన్నారా అని కనకలత చాలాసేపు వెతుక్కుంది. కావాలి అన్న మాటకి ఆ ఇంట్లో కరువేమీ లేదు. టీ కావాలి, తువ్వాలు కావాలి, వేన్నీళ్ళు కావాలి. మనిషి కావాలన్నవాళ్ళు మాత్రం గుర్తుకు రాలేదు. ఆ సంతోషంలోనే భర్త బలరాంని అడిగింది. ఆయన పేపరు మీంచి తల కూడా ఎత్తలేదు. "నువ్వెళ్ళి కతలు సెప్పుకుంటా కూకుంటే ఇక్కడ ఎవులు సూస్తారే?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది, తిరిగి అనడానికి వీలుండేది. వాన పడుతోంది, గొడుగు తీసుకెళ్ళు అన్నంత మామూలుగా అన్నాడు.

బలరాం స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. వారం వారం ఆయన డ్యూటీ మారితే ఇంట్లో ఈవిడ నిద్రా ఆకలీ మారాలి. మారేవి కూడా, నోరెత్తకుండా. అన్నం తింటూ ఆయన చెప్పే గొప్ప ఒక్కటే. "తర్వాత షిఫ్టు రిలీవర్ పైకెక్కి 'సార్జి తీసుకున్నా' అననిదే క్రేన్ కుర్సీ దిగకూడదు. ఏ బ్రేకు లూజు, ఏ తాడు అరిగింది, అన్నీ సెప్పి అప్పగించాల. దిగాక మాత్రం ప్లాంటు తలకిందులైనా నాకనవసరం!" ఈ మాట కనకలత ఎన్ని వందలసార్లు విని ఉంటుందో. వింటూ మళ్ళీ పప్పు వడ్డించేది.

శనివారం సాయంత్రం చపాతీలు కాలుతుంటే రేఖ అంది, "ఇవాళ మిషన్ అమ్మని చేద్దాం!"

కనకలత నవ్వి అందుకుంది. మిషన్ అమ్మ నాలుగింటికి లేచింది, పాలు కాచింది, టిఫిన్ కట్టింది, జడ వేసింది, యూనిఫాం మీద గ్రీజు మరక రుద్దింది, ఆ మరక పోలేదని మాట పడింది. ఎక్కడా ఆగకుండా వచ్చేస్తోంది కథ. మంచం మీంచి అత్తగారు నూకమ్మ కూడా ఓ మాట వేసింది. "నా మోకాళ్ళకి తైలం రాసీసింది, అది మర్సిపోనావు." ఆ పైన కాస్త ఆగి, "నాకూ ఓటి సేసుంటే బాగున్ను, నా రోజుల్లో," అంది.

"మరి అసలు అమ్మ ఎక్కడికెళ్ళింది?" అంది రేఖ.

జవాబు తెలుసు. రుఆబాంధా. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ముందుగదిలో బలరాం దగ్గిన చప్పుడైంది. కనకలత మాట మింగేసింది. పెనం మీద చపాతీ మాడింది.

"అమ్మా, ఔట్! నువ్వు ఔట్!" రేఖ చప్పట్లు కొట్టింది.

పిల్లతో పాటు నవ్వింది గాని, కనకలతకి తన మీద తనకే రోత పుట్టింది. ఉత్తుత్తి కథ. అందులో ఒక ఆడమనిషి గడప దాటడానికి కూడా ముందుగది వైపు చూడాలా?

మర్నాడు బలరాంకి వీక్లీ ఆఫ్. తొమ్మిదిన్నరకి ఆయన పేపరు చదువుతుంటే కనకలత ఎదురుగా వచ్చి నిలబడింది. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుంది. చేతిలో సంచీ ఉంది.

"కుక్కర్లో పప్పు రెండు విజిళ్ళయింది, ఇంకొకటి రావాలి. గాస్కెట్ లూజు, మూత గట్టిగా బిగించాలి. బియ్యం కడిగి ఉంచాను, ఎసరు పెట్టాలి. నీళ్ళు పదిన్నరకి ఆగిపోతాయి, ఈలోపల డ్రమ్ము నింపాలి. అత్తయ్యగారి మాత్ర పదకొండుకి. చార్జి తీసుకోండి."

"తీసుకున్నా," అన్నాడు బలరాం పేపరు తిప్పుతూ. ప్లాంటులో పదమూడేళ్ళ అలవాటు మరి, నోరు దానంతటదే అనేసింది. అన్నాక తల ఎత్తాడు. "ఏటి? ఏటి తీసుకున్నాను?"

నూకమ్మకి నవ్వాగలేదు. "తీసుకున్నానన్నావు గదరా, ఇంకేటి? లెగు, పంపు కాడికెళ్ళు."

"అది కాదే... నువ్వెక్కడికి?" అన్నాడు బలరాం.

కనకలత అప్పటికే చెప్పులు వేసుకుంది. రేఖ చెయ్యి పట్టుకుంది. ఆయనకి కాదు, పిల్లకి జవాబు చెప్పింది, ముందుగది అంతా వినబడేలా.

"అసలు అమ్మ రుఆబాంధా వెళ్ళింది. తర్వాత ఏమైందో నువ్వు చెప్పు."