సారో మనిషికి తోడు

గిన్నెలో తెల్లన్నం పడగానే దాల్మి గుండె గుభేలుమంది. బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ఇంట్లో కొర్రగంజి తప్ప ఎరగని పనిపిల్లకు వరన్నం, అదీ అమ్మగారి చేత్తో! పక్కనే కొత్త తెల్లబట్టలు, వాటిమీద కొంగ రెక్క. పైలోకానికి ఎగరడానికని చచ్చినవాళ్ళ పక్కన పెట్టే రెక్క అది. లోపలి గదిలో ఇల్బు దొర శవం పక్కన ఒకటి అప్పటికే పెట్టారు. ఇది రెండోది.

"తినవే," అంది అమ్మగారు. "దొరగారికి కాళ్ళు పట్టింది నువ్వేగా. అక్కడ మాత్రం ఇంకెవరు పడతారు?"

దాల్మి గిన్నె ముట్టలేదు. దొరలతో పాటు పనివాళ్ళను పూడ్చే ఆచారాన్ని రాజుగారు నిరుడే మాన్పించారు. ఈ ఏడు సారో రాజ్యానికి సిల్లా అని కొత్త పేరు ఖాయం చేశారు. అంటే రోజురోజుకూ కొత్తదై నలుదిక్కులా పరుచుకునే రాజ్యమట. ఆ చాటింపులు విని దాల్మి హమ్మయ్య అనుకుంది కూడా.

"అమ్మగారూ, రాజుగారి కట్టడి..."

"అది సిల్లాకి. నా మొగుడు సారోలో పుట్టాడు, సారోవాడిగానే పోయాడు. ఆరూళ్ళు కలిసి సారో అయిననాడు ఈ కొత్త పేరెక్కడిది? ఆయన్ని పాత పద్ధతిలోనే సాగనంపుతా. అడ్డొచ్చేదెవడు?"

ఎవడొస్తాడు? సాగనంపడానికి వచ్చిన ఆరూళ్ళ పెద్దలూ వాకిట్లో చలి కాచుకుంటున్నారు. గుంట దగ్గర రాళ్ళు దొర్లిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. దాల్మి నోట మాట పైకొచ్చేసింది.

"సారో పద్ధతే అయితే ఆరూళ్ళ మాటా ఒక్కటవ్వాలి కదమ్మా. ఒక్కరు కాదన్నా ఆగిపోవాలి కదా!"

అమ్మగారు చివ్వున చూసింది. "నోరు లేచిందే! సరే, అడుగుతా. అందరూ మా ఉప్పు తిన్నవాళ్ళే."

వాకిట్లోకి వెళ్ళి అడిగింది. మొదటి పెద్ద తలూపాడు. రెండోవాడు "మీ ఇష్టం తల్లీ" అన్నాడు. తక్కినవాళ్ళు ఆమె మొహం చూసి ఊ కొట్టారు. ఒక్కో ఊకీ దాల్మికి నోట్లో మట్టి పడుతున్నట్టే ఉంది. అయ్యో, ఇంతమందిలో ఒక్కడికైనా నోరు లేదా! చివరికి మిగిలింది ముసలి నల్చి.

"మీ మామగారితో మా అక్కని పంపారమ్మా," అన్నాడు నల్చి, మంటవైపే చూస్తూ. "గుంటలోకి దింపుతుంటే నన్ను పేరుపెట్టి పిలిచింది. మా నాన్న నా చెవులు మూశాడు. అయినా వినపడింది. ఇప్పటికీ వినపడుతోంది. నేనొప్పుకోను."

"తాగి వాగుతున్నావా తాతా?"

"సారో పద్ధతి కావాలన్నది నువ్వేగా తల్లీ. ఒక్కడు కాదన్నాడు. అయిపోయింది."

అమ్మగారు ఉన్నచోటే కూలబడింది. "మరి ఆయన ఒక్కడూ ఎలా పోతాడు? చీకటంటే భయం ఆయనకి," అంటూ చిన్నపిల్లలా ఏడ్చింది.

దాల్మి తన రెక్కను లోపలికి తీసుకెళ్ళి దొర పక్కన రెండోవైపు పెట్టింది.

"ఒక్క రెక్కతో ఎలా ఎగురుతారు దొరా? ఇదీ మీరే ఉంచుకోండి."

తర్వాత వచ్చి గిన్నె ముందు కూర్చుని, చల్లారిపోయిన ఆ తెల్లన్నాన్ని మెతుకు మిగల్చకుండా తినేసింది.