తెల్లపాంటు మీద ఎర్ర మరక

మా అమ్మాయి ఉమ క్రికెట్ బట్టలు ఉతకడం ఈ ఇంట్లో నా పనే. ఫాస్ట్ బౌలర్ కదా, బంతి మెరవాలని ఊరికే తొడకేసి రుద్దుతుంది. ఆ ఎరుపు తెల్లపాంటుకి పట్టుకుందంటే ఎంత బాదినా ఒక పట్టాన వదలదు. అయినా ఆ మరకంటే నాకు భలే గర్వం. మొన్న శ్రీలంక మీద మా పిల్ల నాలుగు వికెట్లు తీస్తే మా నాచారం గల్లీ మొత్తం మా టీవీ ముందే కూర్చుంది. ఇప్పుడు ఇంగ్లాండులో టెస్టు! ఇవాళ సాయంత్రం కాలనీ గుళ్లో సన్మానం, అటునుంచి అటే ఎయిర్‌పోర్టుకు.

మా ఆయనైతే పొద్దుటినుంచి ఫోన్లో ఒకటే ఊదరగొట్టడం, "అంత నేనే ఎంకరేజ్ జేసిన" అని. అబ్బో! "బంతులిసురుకుంట తిరిగే పిల్లను ఎవడు జేసుకుంటడే?" అన్నది ఈ నోరే. ఇన్నేళ్లూ తెల్లారకముందే దాన్ని ఉప్పల్ గ్రౌండులో దించి, వచ్చి అందరికీ టిఫిన్లు చేసి, మల్లాపూర్‌లో మాత్రల కంపెనీకి పరుగెత్తింది నేను.

పాంటు నానబెట్టి సబ్బు కోసం లోపలికెళ్లానో లేదో, పెరట్లోంచి మా అత్తగారు కౌసల్యమ్మ కేక.

"ఏమే, పిల్లకు ముట్టయిందా? ఒక్క మాటన్న చెప్పకపోతివి! గుళ్లెకు ఎట్ల తోలుకపోతవ్?"

ఆ కేకకు మా ఆయన పరుగెత్తుకొచ్చి బకెట్లోకి తొంగిచూశారు. ఇన్నేళ్లలో ఒక్క గుడ్డ ఉతికి ఉంటే అది బంతి మరకని ఆయనకైనా తెలిసేది.

"పిల్లకు జెరమొచ్చిందని గుడి కమిటీ విశ్వనాథం సార్‌కు చెప్త. సన్మానం వద్దు గిన్మానం వద్దు, ఇంటికాన్నుంచే పోనీ" అన్నారు, నంబరు వెతుకుతూ.

'అది బంతి మరక' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే చాలు, గొడవ అక్కడితో సరి. కానీ ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన కొత్తలో ఊళ్లో నన్ను నెలనెలా మూడు రోజులు గొడ్ల కొట్టం పక్కన చాప మీద కూర్చోబెట్టిన మనిషి ఈవిడే. సిటీకొచ్చాక ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఇంట్లో వండేది నేనొక్కదాన్నే. ఆ అంటు మెల్లగా పొయ్యి దగ్గర్నుంచి లేచిపోయింది, దేవుడి దగ్గర మాత్రం అట్లాగే కూర్చుంది. వండి పెట్టడానికి పనికొచ్చే చేతులు హారతికి ఎందుకు పనికిరావో నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఊరంతా నా బిడ్డకు దండేస్తానంటే దాన్ని దొంగలా పెరటి దారిన పంపాలా? జ్వరమని అబద్ధమాడాలా?

"నాక్కూడ నిన్నటిసంది అదే, అత్తమ్మా" అన్నాను. "పొద్దుగాల మీరిద్దరు తిన్న ఉప్మా ఈ చేతులతోనే జేసిన. మీ కడుపుకు లేని అంటు నా బిడ్డ సన్మానానికి ఎందుకొచ్చె?"

మా ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రం ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని ఉమతో గుడికి బయలుదేరాను. గేటు దాటాక అది నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, గది బాల్ మరకే గదా. గా మాట చెప్తే అయిపోతుండె."

"నిజంగ ముట్టే అయితే," అన్నాను, "నువ్వు ఆగిపోతుంటివా?"